కంచరపాలెం గానుగ కొట్టు: చలికాలంలో పెద్దవాళ్ల ఒంటికి నేను వాడే నూనె

పెద్దవాళ్లని వాళ్ల ఇళ్లకే వెళ్లి చూసుకోవడం నా పని. విశాఖలో సీతమ్మధార, ఎంవీపీ కాలనీ, లాసన్స్ బే వైపు ఇళ్లలో స్నానం చేయిస్తాను, బట్టలు మారుస్తాను, మందులు వేళకి అందిస్తాను. కార్తీకం దాటిందంటే ఏ ఇంటికెళ్లినా ఒకటే బాధ, దురద. మోకాలి కింద ముందువైపు తెల్లగా పొట్టు లేస్తుంది. తర్వాత సన్నని గీతల్లా పగుళ్లొస్తాయి. పగలు ఓర్చుకుంటారు గానీ, రాత్రి దుప్పట్లో చెయ్యి పెట్టి రక్తం వచ్చేదాకా గోక్కుంటారు. అందుకే ఈ కాలంలో నా సంచీలో నువ్వుల నూనె సీసా తప్పకుండా ఉంటుంది. అది నేను కంచరపాలెంలో ఒక చెక్క గానుగ కొట్టులో కొంటాను.

విశాఖలో చలేముందమ్మా, చలంటే లంబసింగిది కదా అంటారు చాలామంది. నిజమే, ఇక్కడ స్వెట్టర్ అవసరం తక్కువ. కానీ చర్మాన్ని పాడుచేసేది చలి ఒక్కటే కాదు. మార్గశిరం, పుష్యం నెలల్లో గాలి నేల మీదుగా వస్తుంది. అందులో తడి తక్కువ. మిగతా ఏడాదంతా ఉక్కపోతకి అలవాటైన ఒళ్లు ఒక్కసారిగా ఎండిపోతుంది. దానికి తోడు గీజర్. పొగలు కక్కే నీళ్లు పోస్తే తప్ప పెద్దవాళ్లకి స్నానం చేసినట్టుండదు. ఆ వేడి, సబ్బు కలిసి చర్మం మీద సహజంగా ఉండే కొవ్వుని కడిగేస్తాయి. వయసు పైబడితే ఆ కొవ్వు తయారవడమే తగ్గిపోతుంది, పోయింది మళ్లీ తొందరగా రాదు.

ఇక కొట్టు సంగతి. మోటారుతో తిరిగే గానుగే, కానీ రోలు, రోకలి చెక్కవి. మన కళ్లముందే నువ్వులు పోసి, కాస్త తాటిబెల్లం వేసి ఆడతారు. మెల్లగా తిరుగుతుంది కాబట్టి నూనె పెద్దగా వేడెక్కదు. ఆడిన వెంటనే అమ్మరు, మడ్డి దిగి తేరుకునేదాకా డబ్బాల్లో ఉంచుతారు. మూత తీస్తే వేయించని నువ్వుల వాసన వస్తుంది, ఘాటు ఉండదు. నేను కొన్నప్పుడు లీటరు 480 రూపాయలకి ఇచ్చారు. ఎక్కువనిపిస్తుంది గానీ లెక్క చూడండి: ఇలా ఆడితే లీటరు నూనెకి దాదాపు రెండున్నర కిలోల నువ్వులు పడతాయి. బజార్లో నువ్వుల ధర తెలిసినవాళ్లెవరైనా, గానుగ నూనె అని చెప్పి 200కి అమ్మేవాళ్లని నమ్మరు. "చెల్లెమ్మా, కావాలంటే నువ్వులు మీరే తెచ్చుకోండి, ఆడిపెడతాం" అంటారు కొట్టు నడిపే అన్నయ్య. ఆ మాట చెప్పగలిగే కొట్టు మీద నాకు గురి కుదిరింది.

కొబ్బరి నూనె కూడా అక్కడే దొరుకుతుంది, బాగుంటుంది. అది సుమారు 24 డిగ్రీల కిందకొస్తే గడ్డకడుతుంది. మన ఊళ్లో డిసెంబర్, జనవరి తెల్లవారుజామున సీసాలో తెల్లగా పేరుకునే ఉంటుంది. స్నానాల గదిలో ఒక చేత్తో మామ్మగారిని పట్టుకుని, రెండో చేత్తో సీసా వేడినీళ్లలో పెట్టి కరిగించడం కుదరని పని. నువ్వుల నూనె ఆ చలికి గట్టిపడదు. నేను దాన్ని ఎంచుకోవడానికి సగం కారణం ఇదే. నేవీలో చేసి ఇక్కడే స్థిరపడ్డ ఒక ఉత్తరాది కుటుంబంలో తాతగారికి ఆవనూనె అలవాటు. ఆరోగ్యంగా ఉన్న చర్మానికి ఆయన ఇష్టప్రకారం అదే రాస్తాను. పగిలిన చోట మాత్రం రాయను, దాని ఘాటుకి మంట పుట్టి ఎర్రబడుతుంది.

ఎంత మంచి నూనె అయినా రాసే పద్ధతి తెలియకపోతే డబ్బు దండగ. నూనె చర్మానికి తడి ఇవ్వదు, ఉన్న తడిని పోకుండా ఆపుతుంది. అందుకని గోరువెచ్చని నీళ్లతో తొందరగా స్నానం ముగించి, తువ్వాలుతో రుద్దకుండా అద్ది, ఒళ్లు ఇంకా చెమ్మగా ఉండగానే నాలుగైదు చుక్కలు అరచేతిలో వేసుకుని పలచగా రాయాలి. పూర్తిగా ఆరిపోయాక రాస్తే పైపైన జిడ్డు మిగులుతుంది, లోపల దురద అలాగే ఉంటుంది. వారానికోసారి స్నానానికి ముందు ఒళ్లంతా నూనె పట్టించడం మంచి అలవాటే, కానీ స్నానం తర్వాత రాసే ఈ కొంచెం మానకూడదు. సబ్బు చంకలకి, గజ్జలకి, పాదాలకి చాలు. పిక్కలకి రోజూ సబ్బు ఎందుకు?

షుగర్ ఉన్నవాళ్ల కాలివేళ్ల మధ్య ఏదీ రాయకండి. అక్కడ తడి, జిడ్డు నిలిస్తే ఫంగస్ పట్టి పుండు దాకా వెళ్తుంది. అరికాళ్లకి రాస్తే మంచం మీదే రాసి, మేజోళ్లు తొడిగి, ఆ తర్వాతే లేపండి. నూనె కాలితో గచ్చు మీద అడుగు పెట్టి తుంటి ఎముక విరిగితే ఆ వయసులో తేరుకోవడం ఎంత కష్టమో ఈ పనిలో ఉన్నవాళ్లకి తెలుసు. మీ చేతులు కూడా కడుక్కుని ఆరబెట్టుకున్నాకే వాళ్లని పట్టి లేపండి.

మడమల పగుళ్లకి ఈ నూనె చాలదని ఒప్పుకోవాలి. మార్గశిర గురువారాలు బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి దర్శనానికి చెప్పుల్లేకుండా వెళ్లి లైన్లో నిలబడి వచ్చే ఒక పిన్నిగారున్నారు. ఆవిడ మడమలు లోతుగా చీలతాయి. వాటికి మందుల షాపులో దొరికే మామూలు పెట్రోలియం జెల్లీయే మేలు. రాత్రి గోరువెచ్చని నీళ్లలో కాసేపు పాదాలు నానబెట్టి, అద్ది, జెల్లీ పట్టించి, నూలు మేజోళ్లు వేస్తాను. ఆవిడకి షుగర్ లేదు కాబట్టి నానబెడుతున్నాను. ఉన్నవాళ్లకి నానబెట్టకండి, తిమ్మిరి కాళ్లకి నీళ్ల వేడి తెలియదు. చీలిక నుంచి రక్తం కారినా, చీము కనిపించినా డాక్టరు దగ్గరికే. అలాగే పొట్టు, మచ్చ ఏమీ లేకుండా ఒళ్లంతా దురద అంటుంటే చలికాలమని సరిపెట్టుకోవద్దు. కిడ్నీ, కాలేయం, థైరాయిడ్ సమస్యల్లో కూడా అలా వస్తుంది, రక్తపరీక్ష చేయించండి.

కొట్టులో నాకు నచ్చనివీ ఉన్నాయి. సీసాల మీద ఆడిన తేదీ రాయరు. అడిగితే చెప్తారు, కానీ అడగనివాళ్ల సంగతేమిటి? కొన్ని సీసాలు ముందువైపు ఎండ పడే అరలో పెడతారు. ఎండ తగిలిన నూనె తొందరగా కనరు వాసన కొడుతుంది, లోపలి డబ్బాలోంచి పట్టి ఇమ్మనండి. వాళ్ల సున్నిపిండి మాత్రం పెద్దవాళ్లకి కొనకండి. వాసన బాగుంటుంది, భోగినాడు పిల్లలకి తలంటు పోసి నలుగు పెట్టడానికి సరే. కానీ బరకగా ఉంటుంది. పలచబడ్డ చర్మం మీద రుద్దితే గీరుకుపోతుంది. అదే పిండి మెత్తగా జల్లించి అమ్మితే నేనే పది ఇళ్లకి చెప్పేదాన్ని.

నూనె తీశాక మిగిలే నువ్వుల పిండి, అదే తెలగపిండి, మాత్రం వదలకండి. మునగాకు వేసి వండితే మా ఇంట్లో గిన్నె ఖాళీ అయిపోతుంది. మధ్యాహ్నం భోజనాల వేళ కొట్టు మూసేస్తారు, పొద్దున్నే వెళ్లడం మంచిది. సంక్రాంతి ముందు వారం అరిసెలకీ మిగతా పిండివంటలకీ నూనె కోసం జనం ఎక్కువగా వస్తారు కాబట్టి పెద్దవాళ్ల కోసం కొనేవాళ్లు డిసెంబర్లోనే అరలీటరు తెచ్చుకోండి. ఒక మనిషికి సీజనంతా వస్తుంది. స్టీలు సీసా తీసుకెళ్తే అందులోనే పోసిస్తారు.