బరువు తగ్గించే కేంద్రంలో డబ్బు కట్టే ముందు: వాళ్లు మీ మాత్రల స్ట్రిప్పు అడిగారా?

షుగర్, థైరాయిడ్, బీపీ, వీటిలో దేనికైనా మాత్రలు వాడుతూ బరువు తగ్గాలనుకుంటున్నవారు దయచేసి ఇది పూర్తిగా చదవండి. బరువు తగ్గించే కేంద్రంలో మూడు నెలల ప్యాకేజీకి అడ్వాన్సు కట్టానని నిన్న మా స్టాఫ్ రూములో ఒక టీచరు సంతోషంగా చెప్పింది. గత ఏడాది నేను డబ్బు, ఆరోగ్యం రెండూ పోగొట్టుకున్నది ఆ కేంద్రంలోనే. ఆమెకూ షుగర్ ఉంది. రాత్రంతా నాకు నిద్ర పట్టలేదు. ఆమెను ఎదురుగా కూర్చోబెట్టి చెప్పాను. మిగతావారి కోసం ఇక్కడ రాస్తున్నాను.

నాది గుంటూరు జిల్లా. ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో సోషల్ చెబుతాను. వయసు 46. ఎనిమిదేళ్లుగా థైరాయిడ్, మూడేళ్లుగా షుగర్ ఉన్నాయి. గత జూన్‌లో నా బరువు 78 కిలోలు. కార్తీకంలో మా అన్నయ్య కూతురి పెళ్లి. అప్పటికి పది కిలోలైనా తగ్గాలని గట్టిగా అనుకున్నాను. మా వీధి మలుపులో ఒక మేడ మీద 'సర్టిఫైడ్ న్యూట్రిషనిస్ట్' అన్న బోర్డు ఉంది. కింద కిరాణా కొట్టుకు రోజూ వెళ్లేదాన్నే కాబట్టి ఒక సాయంత్రం మెట్లెక్కాను.

అక్కడి అమ్మాయి చాలా ఆదరంగా మాట్లాడింది. చెప్పులు విప్పి యంత్రం మీద నిలబడమంది. కొవ్వు ఇంత, నీరు ఇంత, 'శరీరం వయసు' 58 అని ఒక కాగితం ముద్రించి ఇచ్చింది. నా అసలు వయసు కంటే పన్నెండేళ్లు ఎక్కువ! ఆ అంకె చూసి భయపడిపోయాను. ఆ భయంలోనే 18,000 రూపాయలు ఫోను ద్వారా పంపించేశాను. గోడ మీద బంగారు అంచు ఫ్రేములో ఒక సర్టిఫికెట్ వేలాడుతోంది. అందులో ఏముందో ఆ రోజు చదవలేదు. నెలలు గడిచాక డబ్బు వెనక్కి అడగడానికి వెళ్లినప్పుడు చదివాను. ఆరు వారాల ఆన్‌లైన్ కోర్సు. అంతే.

"నాకు షుగర్, థైరాయిడ్ ఉన్నాయమ్మా, మాత్రలు వాడుతున్నాను" అని నేనే చెప్పాను. "ఫరవాలేదు మేడం, తిండి మారితే ఆ మాత్రలే మానేయొచ్చు" అంది. ఏ మాత్ర, ఎన్ని మిల్లీగ్రాములు, ఏ వేళకు వేసుకుంటారు అని అడగలేదు. రక్తపరీక్ష కాగితాలు సంచిలోనే ఉన్నాయి, తీసి చూపించమని కూడా అనలేదు. నేను లేచి వచ్చేయాల్సింది అప్పుడే.

చార్టు ఇలా ఉంది. ఉదయం నీళ్లలో కలుపుకునే ఒక పొడి. మధ్యాహ్నం కీరా, క్యారెట్ ముక్కలు, ఒక ఉడికించిన గుడ్డు, పల్చటి మజ్జిగ. రాత్రి మళ్లీ పొడి. అన్నం, ఇడ్లీ, రొట్టె, పప్పు ఏవీ లేవు. పొడి డబ్బా 2,600 రూపాయలు, నెలకు రెండు. ప్యాకేజీలో అది లేదన్న సంగతి డబ్బు కట్టాక తెలిసింది. రెండు నెలలకు సరిపడా నాలుగు డబ్బాలు ఒకేసారి తీసుకుంటే మంచిదంటే తీసుకున్నాను. మరో 10,400.

బరువు తగ్గలేదని చెప్పను. ఆరు వారాల్లో 72కి వచ్చాను. మా వారు, స్కూల్లో అందరూ మెచ్చుకున్నారు. కానీ ఉదయం పదింటికల్లా చేతులు సన్నగా వణికేవి, చెమట పట్టేది. ఆ అమ్మాయికి ఫోను చేస్తే, "అది డిటాక్స్ మేడం, ఒంట్లో విషాలు బయటికి పోతున్నాయి" అంది. నమ్మాను. విషాలను బయటికి పంపే పని మన కాలేయం, మూత్రపిండాలు రోజూ చేస్తూనే ఉంటాయని పిల్లల పుస్తకాల్లోనే ఉంటుంది. అయినా నమ్మాను.

ఆగస్టు రెండో వారంలో, తొమ్మిదో తరగతిలో రెండో పీరియడ్. ఫ్రెంచి విప్లవం పాఠం. బోర్డు మీద 1789 అని రాస్తుంటే 9 తోక కిందికి జారుతూ పోయింది, సుద్దముక్క ఆపడం నా చేతికి సాధ్యం కాలేదు. పిల్లల మాటలు ఎక్కడో బావిలోంచి వస్తున్నట్టు వినిపించాయి. ముందు బెంచీలో కూర్చున్న అమ్మాయి "టీచర్, మీ జాకెట్టంతా తడిసిపోయింది" అనడం గుర్తుంది. కళ్లు బైర్లు కమ్మి బల్ల పట్టుకుని కింద కూర్చుండిపోయాను. సైన్సు మాస్టారు ఆయన సంచిలోని గ్లూకోమీటరుతో చూస్తే 54. 70కి దిగిందంటేనే జాగ్రత్త పడాలి. స్టాఫ్ రూములో టీ కోసం ఉంచిన పంచదార మూడు చెంచాలు నీళ్లలో కలిపి తాగించారు. కాస్త తేరుకున్నాక మధ్యాహ్న భోజనంలో పిల్లలకిచ్చే పల్లీ చిక్కీ ఒకటి తినిపించారు. మెట్ల మీద ఉండగానో, బండి నడుపుతుండగానో ఇలా జరిగి ఉంటే ఏమయ్యేదో ఆలోచించడానికి ఇప్పటికీ భయమే.

ఆ సాయంత్రం డాక్టరుగారు చార్టు చూసి తల పట్టుకున్నారు. నేను వేసుకునే షుగర్ మాత్రలో గ్లిమెపిరైడ్ ఉంది. అది క్లోమగ్రంథి చేత ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తుంది. మనం తిన్నామా లేదా అన్నది దానికి పట్టదు. మాత్ర మోతాదు అలాగే ఉంచి ఉదయం ఇడ్లీ తీసేస్తే చక్కెర పడిపోయే ప్రమాదం ఎక్కువ. షుగర్ మాత్రలన్నీ ఇలా ఉండవు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారికి ఈ ప్రమాదం చాలా తక్కువ. అందుకే తిండి మార్చే ముందు మాత్ర పేరు తెలియాలి.

థైరాయిడ్ సంగతి ఇంకొకటి. ఉదయం ఆరింటికి పరగడుపున మాత్ర, ఆరున్నరకు ఆ పొడి. డబ్బా వెనక చిన్న అక్షరాల్లో సోయా ప్రోటీన్, కాల్షియం, ఐరన్ అని ఉన్నాయి. ఇవి థైరాయిడ్ మాత్రను ఒంటికి సరిగ్గా పట్టనివ్వవు. కాల్షియం, ఐరన్‌లకైతే నాలుగు గంటల ఎడం ఉండాలంటారు. థైరాయిడ్ మాత్ర ఒంటికి చాలకపోతే రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ అనే అంకె పెరుగుతుంది. ఏడాదిగా 3 దగ్గర నిలకడగా ఉన్న నా టీఎస్‌హెచ్ 9 దాటింది. సెప్టెంబరు చివర జుట్టు ఊడటం మొదలైంది. ఒంటికి తిండి చాలనప్పుడు రెండు మూడు నెలలకు జుట్టు ఇలాగే రాలుతుందని చర్మవైద్యులు చెప్పారు. పెళ్లి నాటికి సవరం పెట్టుకోక తప్పలేదు. పొడి మానేశాక బరువు కూడా తిరిగొచ్చింది. పెళ్లి రోజున 77.

ఇక ఈ పేర్ల సంగతి. పత్రికల్లో, టీవీలో డైటీషియన్‌నూ న్యూట్రిషనిస్ట్‌నూ 'పోషకాహార నిపుణురాలు' అనే అంటారు. తెలుగులో ఇద్దరికీ ఒకటే మాట కావడంతో తేడా మన కంటికి ఆనదు. డైటీషియన్ అంటే రోగానికి తగిన ఆహారం నిర్ణయించడంలో శిక్షణ పొందినవారు. కిడ్నీ, షుగర్, గుండె వార్డుల్లో పనిచేసేది వీళ్లే. ఇండియన్ డైటెటిక్ అసోసియేషన్ అర్హత పరీక్ష పెట్టి 'రిజిస్టర్డ్ డైటీషియన్' గుర్తింపు ఇస్తుంది. పోషకాహారంలో పీజీ స్థాయి చదువు, ఆసుపత్రిలో నెలల తరబడి శిక్షణ అయ్యాకే ఆ పరీక్ష. వారికి నమోదు సంఖ్య ఉంటుంది, అడిగితే చెబుతారు.

న్యూట్రిషనిస్ట్ అన్నది తక్కువ మాటేమీ కాదు. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో చదివి, పరిశోధన చేసి, గర్భిణులు, పిల్లల ఆహారం మీద పనిచేసేవారూ న్యూట్రిషనిస్టులే. మా సైన్సు మాస్టారి అబ్బాయి క్రికెట్ ఆడతాడు. అతనికి ఆహారం చెప్పే ఆమె న్యూట్రిషన్‌లో ఎం.ఎస్‌సి. చేసిన న్యూట్రిషనిస్ట్, చక్కగా చూసుకుంటోంది. చిక్కంతా ఆరు వారాల కోర్సు చేసినవారూ అదే బోర్డు పెట్టుకోగలగడంలో ఉంది. 2021లో వచ్చిన జాతీయ అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల కమిషన్ చట్టం ఈ రెండు వృత్తులనూ తాను నియంత్రించే వృత్తుల జాబితాలో చేర్చింది. కానీ మా వీధి మేడ మీద బోర్డు ఇంకా అలాగే ఉంది. బ్రిటన్‌లో ఉండే మా పిన్ని కూతురు చెప్పింది, అక్కడ నమోదు కాకుండా డైటీషియన్ అని చెప్పుకోవడం నేరమట. న్యూట్రిషనిస్ట్ అన్న పేరుకు మాత్రం అక్కడా ఆ రక్షణ లేదు. విదేశాల్లో ఉన్నవారు కూడా ఇది గమనించండి.

పేరు ఒక్కటే చూసి నమ్మమని కూడా చెప్పను. మా వదిన ఒక ఆసుపత్రిలో డైటీషియన్ దగ్గరికి వెళ్తే, ఐదు నిమిషాల్లో అందరికీ ఇచ్చే ముద్రించిన కాగితమే చేతిలో పెట్టి పంపేశారు. అందులో ఓట్స్, ఆలివ్ నూనె. మా వదినది పల్లెటూరు. అవి ఆమెకు ఎక్కడ దొరుకుతాయి?

డిసెంబరులో మా డాక్టరుగారు పంపిన డైటీషియన్ దగ్గర నాకు అసలు తేడా అర్థమైంది. ఫీజు 500. కూర్చోగానే "మాత్రలు తెచ్చారా అమ్మా?" అని అడిగింది. స్ట్రిప్పులన్నీ బల్ల మీద వరసగా పరిచి ఒక్కొక్కటి ఏ వేళకు వేసుకుంటానో రాసుకుంది. తర్వాత "మీ ఇంట్లో నెలకు ఎన్ని నూనె ప్యాకెట్లు అవుతాయి? ఎంతమంది తింటారు?" అంది. ముగ్గురికి ఐదు ప్యాకెట్లు. ఆమె వేళ్ల మీద లెక్కపెట్టి, తలా రోజుకు పది చెంచాలు దాటుతోందని చూపించింది. నేను అన్నాన్నే తిట్టుకుంటున్నాను ఇన్నాళ్లూ! అన్నం వడ్డించే గరిటె ఎంతుంటుందో ఫోటో తీసి పంపమంది. పాత చార్టు లెక్కగట్టి, రోజుకు 750 కేలరీలు కూడా లేవని చెప్పింది. బరువు తగ్గే ఆహారమైనా 1,000 కేలరీలకు తగ్గకూడదని, వారానికి అర కిలో తగ్గడం క్షేమమని జాతీయ పోషకాహార సంస్థ మార్గదర్శకాల్లో ఉంది. నేను వారానికి కిలో చొప్పున తగ్గినందుకు పొంగిపోయాను.

చార్టు ఇచ్చే ముందు మా డాక్టరుగారికి ఒక చీటీ రాసింది, ఆయన షుగర్ మాత్ర మోతాదు తగ్గించారు. ఇప్పుడు ఉదయం రెండు ఇడ్లీ, సాంబారు, ఒక గుడ్డు. మధ్యాహ్నం ఒక గరిటె అన్నం, గట్టిగా పప్పు, ఒక కప్పు కూర, పెరుగు. రాత్రి జొన్నరొట్టె. ఆవకాయ మానమనలేదు, ఒక్క ముక్క చాలంది. నూనె నెలకు రెండు ప్యాకెట్లకు దింపాం. డబ్బా ఏదీ కొనమనలేదు. నాలుగు నెలల్లో ఐదు కిలోలు తగ్గాను. జుట్టు మళ్లీ వస్తోంది.

కాబట్టి ఎవరి దగ్గరికైనా వెళ్లండి, కానీ చదువేమిటి, ఎక్కడ శిక్షణ పొందారు అని మొహమాటపడకుండా అడగండి. మనం చీర కొనేటప్పుడు అంచు తిప్పి చూస్తాం, ఒంటి విషయంలో ఎందుకు సిగ్గుపడాలి? సలహా చెప్పే మనిషే పొడి కూడా అమ్ముతుంటే డబ్బు కట్టకండి. పొడి అమ్ముడుపోవాలంటే మీకు తిండి తగ్గాలి. డబ్బా మీద ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) ముద్ర చూపించి ప్రభుత్వం ఒప్పుకున్నదని చెబుతారు, నాకూ చెప్పారు. ఆ 14 అంకెల సంఖ్య ఆహార వ్యాపారానికి ఇచ్చిన లైసెన్సు మాత్రమే. దానితో బరువు తగ్గుతారని ఎవరూ హామీ ఇవ్వలేదు. 'మాత్రలు మానేయొచ్చు' అన్న మాట డాక్టరు కాని మనిషి నోట వస్తే అక్కడి నుంచి లేచి రండి.

ఇప్పటికే కట్టేసినవారు రసీదు, ఫోను చెల్లింపు వివరాలు, చార్టు, వాళ్లు పంపిన సందేశాలు దాచుకోండి. నేను రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం పంపాక మూడో నెల సొమ్ము 6,000 తిరిగి ఇచ్చారు. డబ్బాల డబ్బు రాలేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915, తెలుగులో మాట్లాడవచ్చు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది, 5 లక్షల లోపు కేసుకు రుసుము లేదు.

షుగర్ మాత్ర వేసుకుని ఇలాంటి చార్టు ఇప్పుడు పాటిస్తున్నవారికి ఒక్క మాట. చేతులు వణికినా, చెమట పట్టినా, చూపు మసకబారినా విషాలు పోతున్నాయని ఊరుకోకండి. మూడు చెంచాల పంచదార నీళ్లలో కలుపుకుని వెంటనే తాగండి. పావుగంట ఆగి పరీక్ష చేసుకోండి, ఇంకా 70 లోపే ఉంటే మళ్లీ తాగండి. తేరుకున్నాక ఏదైనా తినండి. స్పృహ తప్పినవారి నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోను చేయమని ఇంట్లోవాళ్లకు ముందే చెప్పి ఉంచండి. ఆ రోజే చార్టు, మాత్రలు రెండూ పట్టుకుని మీ డాక్టరు దగ్గరికి వెళ్లండి.