ప్రొజెక్టర్ అద్దెకు తెచ్చుకుని ఏడ్చిన రెండు రాత్రులు

మహారాష్ట్రలో తెలంగాణ సరిహద్దున ఉన్న మా ధర్మాబాద్‌లో కళ్లలో నీళ్లు రావాలంటే సినిమా అక్కర్లేదు. మిర్చి సీజన్‌లో మోండాలో, అంటే మార్కెట్ యార్డులో, పది నిమిషాలు నిలబడితే చాలు. అక్కడే ఒక ఆడ్తి (కమీషన్) దుకాణంలో ఇరవై రెండేళ్లుగా లెక్కలు రాస్తున్నాను. ప్రొజెక్టర్, తెర, స్పీకర్లు అద్దెకిచ్చే పిల్లగాడి గురించి నేను రాస్తే లెక్కల మనిషి రాసినట్టే ఉంటుంది. అయినా రాస్తున్నా, ఎందుకంటే రెండుసార్లు పిలిచాను. మొదటిసారి తిట్టాను. రెండోసారి తిట్టడానికి ఏమీ దొరకలేదు.

మొదటిసారి మా బాపు సంవత్సరీకానికి. మా చిన్నబాపుకూ మేనత్తకూ పదకొండేళ్లుగా మాటల్లేవు, బిలోలి రోడ్డు మీదున్న రెండెకరాల గొడవ. ఇద్దరూ వస్తారు, చెరో మూలన కూర్చుంటారు, తిని వెళ్తారు. నిజామాబాద్‌లో ఉండే మా మేనల్లుడు, "మామా, రాత్రికి వాకిట్లో బలగం వేద్దాం" అన్నాడు. 2023లో ఆ సినిమా వచ్చినప్పుడు తెలంగాణ పల్లెల్లో తెరలు కట్టి ఊరంతా కలిసి చూశారని పేపర్లో చదివిందే. పక్కనున్న బాసర తెలంగాణే కాబట్టి ఆ గాలి మా దాకా వచ్చింది, సినిమా మాత్రం మా ఇంట్లో ఎవరూ చూడలేదు.

అద్దె మూడున్నర వేలు, అడ్వాన్సు వెయ్యి, జనరేటర్ కావాలంటే ఇంకో ఎనిమిది వందలు. ఆరింటికి రమ్మంటే ఏడున్నరకు వచ్చాడు. తెరకు ఒక కొస వేపచెట్టుకు, ఇంకో కొస మేడ పిట్టగోడకు కట్టాడు. గాలి వీచినప్పుడల్లా తెర మీది మనుషుల బుగ్గలు ఉబ్బేవి. దాన్ని సరిచేయడానికి కింద ఇటుకలు వేలాడదీశాడు, అది బాగా పనిచేసింది. అసలు తంటా వీధిలైటుతో వచ్చింది. సరిగ్గా తెర మీదే పడుతోంది. "కాకా, ఒక గోనె సంచి ఉంటే ఇయ్యి" అన్నాడు. నా దగ్గర ఉన్నదేమో మిర్చి సంచి. వాడు నిచ్చెన ఎక్కి, దులపకుండా లైటుకు తొడిగేశాడు. ముందు రెండు వరసల వాళ్లు దగ్గుతూ, తుమ్ముతూ, పైట కొంగులతో కళ్లు తుడుచుకుంటూ కూర్చున్నారు. సినిమా ఇంకా మొదలే కాలేదు.

బలగం గురించి మళ్లీ చెప్పాల్సిన పని లేదు గానీ, మావాళ్ల మధ్య కూర్చుని చూస్తే వేరే సంగతి. వేణు ఎల్దండి సిరిసిల్ల వైపు మనిషి, దర్శకుడిగా ఆయనకిది మొదటి సినిమా. కొమురయ్య అనే ముసలాయన చనిపోతాడు. కొడుకులు, బిడ్డ, అల్లుడు చేరతారు. పిట్టకు పెడితే పిట్ట ముట్టదు. ఇరవై ఏళ్ల కిందట భోజనాల దగ్గర నల్లి బొక్క (మూలుగున్న ఎముక) కోసం మొదలైన గొడవ ఇంకా వాళ్ల మధ్య అలాగే ఉంటుంది. పైకి వినడానికి నవ్వొస్తుంది. మా వాకిట్లోనూ ఆ బొక్క మాట రాగానే అందరూ నవ్వారు, చిన్నబాపు తప్ప.

పక్కింటి మరాఠీ ఆజీకి తెలుగు రాదు. అయినా ముద్ద పెట్టి అందరూ చెట్టు వైపు చూసే చోట ఆమెకు ఎవరూ ఏమీ చెప్పనవసరం లేకపోయింది. "కావళా శివలా కా?" అని మెల్లగా అడిగింది. పిట్ట ముట్టిందా అని. ముట్టలేదని తల అడ్డంగా ఊపాను. ఆమె తెర వైపు తిరిగి చేతులు జోడించింది. గోదావరికి ఇటైనా అటైనా కాకి ఒకటే కదా.

ఇప్పుడు తిట్లకు వస్తాను. ఆ పిల్లగాడు ఎక్కువగా పెళ్లిళ్లకు, బారాత్‌లకు సౌండు పెడతాడు. మిక్సర్‌లో ఎకో అలాగే ఉంచేశాడు. కొమురయ్య మాట్లాడితే బావిలోంచి మాట్లాడినట్టు. మొదటి అరగంట నేను ఇది సినిమాలోనే ఉందేమో అనుకున్నాను, మా మేనల్లుడు లేచి చెప్పాక గానీ తెలియలేదు. రెండు స్పీకర్లూ మగవాళ్లు కూర్చున్న వైపే పెట్టాడు. ఆడవాళ్లు కూర్చున్న వైపు సగం మాటలు వినపడలేదు. చివర్లో జానపద కళాకారులు మొగిలయ్య, కొమురమ్మ పాట మొదలయ్యాక మా అమ్మ, అత్తలు కుర్చీలు మోసుకుంటూ స్పీకర్ల దగ్గరికి వచ్చేశారు. అలా చిన్నబాపుకూ మేనత్తకూ మధ్య ఒకే కుర్చీ దూరం మిగిలింది. ఆ మధ్య కుర్చీలో నేనే ఉన్నాను, లేవాలా వద్దా అర్థం కాలేదు.

ఆ పాటకు ఎవరు ఏడ్చారని అడగకండి, ఏడవనివాళ్లను లెక్కపెట్టడమే తేలిక. సరిగ్గా పాట అయిపోయి, పేర్లు పడుతుండగా, అందరూ ఆ బరువుతో అలాగే కూర్చుని ఉండగా, ఓటీటీ వాడు తర్వాతి సినిమా ట్రైలర్ దానంతట అదే మొదలుపెట్టాడు. ఏదో కామెడీ. డప్పులు, కేకలు, ఎవరో ఎవరినో చెంపదెబ్బ కొట్టడం. పిల్లగాడేమో అప్పటికే వైర్లు చుట్టుకుంటున్నాడు. వాడు ల్యాప్‌టాప్ దగ్గరికి పరిగెత్తి ఆపేసరికి జనం లేచి చెప్పులు వెతుక్కుంటున్నారు. చేతిదాకా వచ్చిన ముద్ద జారిపోయినట్టయింది. "తమ్మీ, సినిమా చూపించడం అంటే బటన్ నొక్కడం కాదు. అయిపోయాక రెండు నిమిషాలు జనాన్ని వదిలెయ్యాలి" అన్నాను, కాస్త గట్టిగానే. ఏమీ అనలేదు. మిగిలిన డబ్బు తీసుకుని ఇటుకలు సంచిలో వేసుకుని వెళ్లాడు.

చిన్నబాపూ మేనత్తా మాట్లాడుకున్నారా అంటే, లేదు. మర్నాడు మటన్ వడ్డిస్తుంటే వంటాయన నల్లి బొక్కలన్నీ ఏరి ఒక గిన్నెలో పక్కన పెట్టాడు, ఎవరికీ వేయకుండా. ఎందుకయ్యా అంటే, "రాత్రి నేనూ చూసిన గదా" అన్నాడు. అత్త బస్సెక్కే ముందు, తమ్ముడు షుగర్ గోళీలు వేసుకుంటున్నాడా అని నన్నడిగింది. నన్నే అడిగింది, ఆయన్ను కాదు.

రెండోసారి గణపతి పండక్కి. మా గల్లీ కుర్రాళ్లు సైరాట్ కావాలన్నారు. మండపం దగ్గర ఇదేం సినిమా అని పెద్దలు గునిశారు, చివరికి నిమజ్జనం అయ్యాక మర్నాడు వేసుకోండి అన్నారు. మళ్లీ ఆ పిల్లగాణ్ణే పిలిచాం. వేరేవాడి దగ్గర తెర చిన్నదని, అంతే.

నాగరాజ్ మంజులే తీసిన ఈ మరాఠీ సినిమా 2016లో వచ్చింది. చేపలు పట్టే ఇంటి కుర్రాడు, ఊరి పెద్ద కూతురు. ఆ అమ్మాయి వేషం వేసిన రింకూ రాజ్‌గురుకు జాతీయ అవార్డుల్లో ప్రత్యేక ప్రశంస దక్కింది. జింగాట్ పాట వచ్చినప్పుడు కుర్రాళ్లు వన్స్‌మోర్ అని రెండుసార్లు వేయించారు. ఆ తర్వాత ఆ ఇద్దరూ పారిపోయి హైదరాబాద్ చేరతారు. అక్కడ తెలుగు మాటలు వినపడగానే, అప్పటిదాకా కునికిపాట్లు పడుతున్న మా తెలుగు ముసలాళ్లు నిటారుగా కూర్చున్నారు. మనం రోజూ రెండు భాషల మధ్య బతికేవాళ్లం కదా, భాష రాని ఊళ్లో ఆ పిల్ల పడే తికమక మాకు ఇంకా బాగా తెలిసింది.

చివర ఏమవుతుందో చెప్పేస్తున్నా, చూడనివాళ్లు ఈ పేరా దాటెయ్యండి. పుట్టింటివాళ్లు సామాన్లు తీసుకుని చూడ్డానికొస్తారు. పక్కింటామె దగ్గరున్న పసివాడు తిరిగి ఇంట్లోకి వచ్చేసరికి తల్లీతండ్రీ రక్తంలో పడి ఉంటారు. వాడు ఏడుస్తూ వెనక్కి నడుస్తాడు, చిన్న చిన్న ఎర్రటి అడుగులు. అక్కడ సినిమాలో సౌండే ఉండదు. సంగీత దర్శకులు అజయ్-అతుల్ లాస్ ఏంజెలెస్ దాకా వెళ్లి పెద్ద ఆర్కెస్ట్రాతో సంగీతం చేయించిన సినిమా ఇది. అంత సంగీతం పెట్టుకుని, ఆ ఒక్క చోట ఏమీ పెట్టలేదు.

వెనక నుంచి "సౌండ్! సౌండ్!" అని అరిచారు. ఒకడు ఈల వేశాడు. నా గుండె జారిపోయింది, వీడు ఇప్పుడు కంగారుపడి వాల్యూమ్ తిప్పితే స్పీకర్లు గుయ్యిమంటాయని. తిరిగి చూశాను. పిల్లగాడు మిక్సర్ నుంచి రెండు చేతులూ తీసేసి వెనక కట్టుకుని నిలబడ్డాడు. అరిచినవాళ్ల వైపు ఒకసారి తల ఊపాడు, ఆగండి అన్నట్టు. అర నిమిషంలో అందరికీ అర్థమైపోయింది. ఆ తర్వాత జనరేటర్ మోత, ఎక్కడో కుక్క, ఇంకేం లేదు.

సినిమా అయిపోయింది. ఏ ట్రైలరూ రాలేదు. తెల్లటి తెర అలాగే వెలుగుతూ ఉంది. ఒక్కొక్కరే లేచారు. మా గల్లీలో ఒకాయన కూతురు పోయినేడాది వేరే కులం అబ్బాయితో వెళ్లిపోయింది. ఆయన మూడో వరసలో కూర్చుని ఉన్నాడు. కుర్చీలు తీసేవాళ్లు ఆయన చుట్టూ ఉన్నవన్నీ తీసి, ఆయన్ను ఒక్కణ్ణే వదిలేశారు. ఆయన లేచి వెళ్లేదాకా పిల్లగాడు ప్రొజెక్టర్ ఆపలేదు, వైరు ముట్టలేదు. పావుగంట పైనే అయింది. ఆయన మనసులో ఏముందో నేను అడగలేదు.

డబ్బిస్తూ, ఆ సినిమా ముందే చూశావా అన్నాను. "మూడుసార్లు చూసిన కాకా, ఈసారి రాకముందు ఇంకోసారి" అన్నాడు. జనరేటర్ నడిచిన ఎక్కువ టైముకు డబ్బడగలేదు.

లోపాలు ఇంకా ఉన్నాయి. ఈసారీ గంట ఆలస్యమే. స్పీకర్ ఒకటి బొంగురుపోయింది, మార్చుకోవాలి. ప్రొజెక్టర్ ఫ్యాన్ మోత దగ్గర కూర్చున్నవాళ్లకు చిరాకు, కాబట్టి కుర్చీలు దానికి కాస్త ఎడంగా వేయించుకోండి. హాయిగా నవ్వుకునే సినిమాకైతే ఎవర్నైనా పిలవండి, ఏం తేడా ఉండదు. గుండెను పట్టుకునే సినిమాకైతే ఈ పిల్లగాణ్ణే పిలవండి, నెల ముందే చెప్పి. ఎకో తీసెయ్యమని ఒకసారి గుర్తు చేయండి. వీధిలైటుకు గోనె సంచి మీరే ఇవ్వాలి, దులిపి.