రాయగడ, గుణుపూర్ వైపు ప్లాట్లు కొనేవాళ్లు జాగ్రత్త: "చట్టం మారింది" అంటే నమ్మకండి

ఒడిశాలోని రాయగడ జిల్లాలో ఇంటి స్థలం చూస్తున్న మన తెలుగువాళ్లందరూ అడ్వాన్స్ ఇచ్చే ముందు ఇది చదవండి.

గుణుపూర్ రోడ్డు పక్కన ప్లాటు చూపించి ఒక బ్రోకర్ మా అన్నయ్య దగ్గర రెండు లక్షలు అడ్వాన్స్ తీసుకున్నాడు. ఒడిశా ప్రభుత్వ భూమి రికార్డులుండే భూలేఖ్ వెబ్‌సైట్ నుంచి తీసిన పట్టా కాగితం కూడా చేతిలో పెట్టాడు. అదంతా ఒడియాలో ఉంటుంది. అన్నయ్యకు ఒడియా మాట్లాడటం వచ్చు గానీ చదవడం రాదు. పక్కింటి మాస్టారు చదివి చెప్పారు. యజమాని పేరు తర్వాత "పి" అంటే తండ్రి పేరు, "జా" అంటే జాతి, "బా" అంటే ఉండే ఊరు. "జా" పక్కన సవర అని ఉంది, అంటే అది గిరిజనుల భూమి.

బ్రోకర్‌ని నిలదీస్తే, "2023లో చట్టం మారింది, సబ్ కలెక్టర్ పర్మిషన్ నేను తెస్తా, ఇంకో యాభై వేలు ఇవ్వండి" అన్నాడు. ఇది పచ్చి అబద్ధం. 2023 నవంబర్‌లో గిరిజనుల భూమిని ఇతరులకు అమ్ముకోనివ్వాలని ఒడిశా క్యాబినెట్ నిర్ణయించిన మాట నిజమే. గొడవ రేగడంతో కొద్ది రోజులకే దాన్ని పక్కన పెట్టేశారు. ఆ సగం వార్త పట్టుకునే ఇలాంటివాళ్లు డబ్బులు లాగుతున్నారు. రాయగడ జిల్లా మొత్తం షెడ్యూల్డ్ ఏరియా, అంటే గిరిజనుల రక్షణకు ప్రత్యేకంగా ప్రకటించిన ప్రాంతం. గిరిజనుల భూముల అమ్మకాలపై ఒడిశా తెచ్చిన 1956 నాటి 2వ నంబరు రెగ్యులేషన్ ప్రకారం, దానికి 2002లో అమల్లోకి వచ్చిన సవరణ ప్రకారం, ఇక్కడ గిరిజనుల భూమి గిరిజనేతరులు కొనకూడదు. ఎలాగో రిజిస్ట్రేషన్ చేయించినా ఆ అమ్మకం చెల్లదు, భూమి తిరిగి వాళ్లకే ఇప్పిస్తారు. అది న్యాయమే. ఆ సవర పెద్దాయన్ని మేం కలిసినప్పుడు, తన భూమి బేరంలో ఉందన్న సంగతే ఆయనకు తెలియదు.

మన తెలుగు రాష్ట్రాల ఏజెన్సీలో భూముల అమ్మకాలను కట్టడి చేసే 1/70 చట్టం తెలిసినవాళ్లు ఒక తేడా గమనించాలి. అక్కడ ఏజెన్సీలో గిరిజనేతరులు ఒకరికొకరు అమ్ముకోవడం కూడా కుదరదు. ఒడిశా రెగ్యులేషన్ గిరిజనులు అమ్మే భూమికే వర్తిస్తుంది. అలాగని ఇప్పటి యజమాని పేరు చూసి ఊరుకోకండి, పాత ఖాతాలు కూడా తీయించండి. ఒకప్పుడు గిరిజనుల దగ్గర మోసంతో తీసుకున్న భూమి అయితే అది కూడా మీ మెడకు చుట్టుకుంటుంది. భూమి కిసం (రకం) ఘరబారి, అంటే ఇంటి స్థలం, అని ఉందో లేదో కూడా చూసుకోండి.

మమ్మల్ని ఎక్కువ బాధపెట్టింది ఆఫీసు తీరు. పర్మిషన్ సంగతి అడిగితే ఒకరు "కుదరదు" అంటే, ఇంకొకరు "పెద్దసారుని అడగండి, చూద్దాం" అన్నారు. రాసి మాత్రం ఎవరూ ఇవ్వలేదు. చివరికి సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెడితే, ఆ ప్లాటు మీద పర్మిషన్ కోసం అసలు దరఖాస్తే రాలేదని జవాబు వచ్చింది. "ఫైలు కదులుతోంది" అంటూ బ్రోకర్ చెప్పిందంతా కట్టుకథే.

పారదర్శకత గురించి ప్రభుత్వం చాలా చెబుతుంది. నా దృష్టిలో మొట్టమొదట చేయాల్సింది ఒక్కటే: గిరిజనుల పట్టా మీద "ఇతరులకు అమ్మరాదు" అని పెద్ద అక్షరాలతో, సరిహద్దు జిల్లాల్లో తెలుగులో కూడా ముద్రించాలి. తహసీల్, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుల గోడ మీద ఇదే మాట బోర్డు పెట్టాలి. అడగకముందే సమాచారం బయట పెట్టమని 2005 సమాచార హక్కు చట్టంలోని 4వ సెక్షన్ ఎప్పుడో చెప్పింది. ఆన్‌లైన్ పోర్టల్స్ మంచివే గానీ, ఒడియా చదవలేనివాడికి వాటివల్ల లాభం లేదు. ఆ తర్వాత, కౌంటర్లో చెప్పిన మాటకు బాధ్యత ఉండాలి. కాదంటే కాదని సంతకం పెట్టి ఇవ్వాలి.

అది జరిగేదాకా మీ జాగ్రత్తలో మీరుండండి. ఒడిశాలో సమాచార హక్కు అర్జీ ఫారం-ఎ లోనే ఇవ్వాలి, 10 రూపాయల కోర్టు ఫీ స్టాంపు అంటించి, గుర్తింపు కార్డు నకలు జత చేయాలి. ఎందుకు అడుగుతున్నారో చెప్పక్కర్లేదు. రాయడం రాకపోతే రాయించే బాధ్యత అక్కడి సమాచార అధికారిదే. 30 రోజుల్లో జవాబు రాకపోతే, ఆ తర్వాతి 30 రోజుల్లోపు పై అధికారికి అప్పీలు పెట్టండి.

మా అడ్వాన్స్ ఇంకా వెనక్కి రాలేదు, పోలీసు కంప్లయింట్ ఇచ్చాం. పర్మిషన్ తెస్తానని మీ దగ్గర కూడా ఎవరైనా డబ్బు తీసుకుని ఉంటే, ఫోన్‌పే స్క్రీన్‌షాట్లు, సంతకం పెట్టిన కాగితాలు జాగ్రత్తగా దాచి వెంటనే స్టేషన్‌లో ఫిర్యాదు ఇవ్వండి.