అద్దెకు గది కావాలి, డ్రమ్స్ వాయించుకోవడానికి

మా బ్యాండులో ఐదుగురం. ఎవరికీ ఇది బతుకుతెరువు కాదు. గిటారు వాయించేవాడు బరంపురంలోనే బ్యాంకు ఉద్యోగి. నేను మందుల కంపెనీ రిప్రజెంటేటివ్‌ని, బేస్ గిటారు నాది. డ్రమ్మర్ ఇచ్ఛాపురం మాస్టారు, పాడేది పర్లాకిమిడి పంతులమ్మ, మాకు చెల్లెలి వరస. కీబోర్డు వాడు రాయగడలో రైల్వే. ఎక్కడ కూడినా ఎవరో ఒకరు రైలో బస్సో ఎక్కాల్సిందే కాబట్టి ఒక్క ఊళ్ళో గది చూసి ఊరుకుంటే సరిపోదు. నా ఉద్యోగం ఎలాగూ తిరుగుడే. అందుకని ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ జిల్లాల్లో చూసొచ్చే పని నా నెత్తిన పడింది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. గదిలో సౌండ్ ఎలా ఉందన్నది తర్వాతి మాట. గోడకి అవతల ఎవరున్నారో, డ్రమ్ కిట్ అక్కడే వదిలేసి తాళం వేసుకుని రావచ్చో లేదో ముందు తేల్చుకోవాలి. కిట్‌ని ప్రతి ఆదివారం ట్రాలీ ఆటోలో ఎక్కించి దించడం మొదలుపెడితే బ్యాండు మూడు నెలలు కూడా నిలవదు. బిగించడానికి ముప్పావుగంట, విప్పడానికి అరగంట, మధ్యలో కంచు పళ్ళెంలాంటి సింబల్ స్టాండు మర ఒకటి ఎక్కడో పడిపోతుంది.

బరంపురంలో మొదట చూసినవి కొత్త కాలనీల్లో మేడ మీది గదులు. గాలి, వెలుతురు, అటాచ్డ్ బాత్రూమ్, అన్నీ బాగానే ఉన్నాయి. ఒక ఇంటావిడ మమ్మల్ని కూర్చోబెట్టి టీ కూడా ఇచ్చారు.

"భజన పాటలేనా బాబూ?"

"కాదండీ, బ్యాండు."

"బ్యాండంటే... పెళ్ళి బ్యాండా?"

వివరించేకన్నా వినిపించడమే మేలని మా మాస్టారు తను తెచ్చిన కిక్ డ్రమ్‌ని, అంటే కాలితో కొట్టే పెద్ద డ్రమ్‌ని, నేల మీద పెట్టి పెడల్ నాలుగుసార్లు తొక్కారు. కింద వంటింట్లో స్టాండు మీది స్టీలు గ్లాసులు గలగలమన్నాయి. ఆవిడ ఏమీ అనలేదు, ఖాళీ కప్పులు తీసుకుని కిందికి వెళ్ళిపోయారు. మాకు అర్థమైంది. కిక్ దెబ్బ గాల్లో కన్నా శ్లాబులోంచి బాగా పాకుతుంది. కిటికీలు ఎంత గట్టిగా మూసినా లాభం లేదు. రెండు ప్లైవుడ్ పలకల మధ్య టెన్నిస్ బంతులు పేర్చి దాని మీద కిట్ పెడితే ఆ అదురు చాలావరకు తగ్గుతుంది, ఈ చిట్కా బాగానే పనిచేస్తుంది. కానీ పుల్లలతో కొట్టే చిన్న డ్రమ్ స్నేర్, సింబల్స్ మోత అలాగే ఉంటుంది. ఇళ్ళ మధ్య పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ అని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతాయి. చిన్న గదిలో డ్రమ్స్ మోత వందకి అటూ ఇటూ ఉంటుంది. పక్కింటివాళ్ళు మంచివాళ్ళయితే ఒక నెల ఓర్చుకుంటారు. ఇక మేడ మీది గదుల జోలికి పోలేదు.

ఊళ్ళోనే ఒక రికార్డింగ్ స్టూడియో రిహార్సల్‌కి కూడా ఇస్తామంది. గంటకి 300. ఏసీ ఉంది, కిట్ వాళ్ళదే, మైకులు శుభ్రంగా ఉన్నాయి, బాత్రూమ్ ఇంకా శుభ్రంగా ఉంది. పేరు చెప్పను గానీ సేవలో వంక పెట్టడానికి లేదు. చిక్కంతా గదితోనే. నాలుగు గోడలకీ కోడిగుడ్ల ట్రేలు అంటించి సౌండ్‌ప్రూఫ్ అన్నారు. ట్రే అంటే పల్చటి కాగితం గుజ్జు. సన్న శబ్దాల ప్రతిధ్వనిని కాస్త తగ్గిస్తుందేమో గానీ బయటికి పోయే మోతని ఆపదు, పైగా నిప్పు రవ్వ పడితే అంటుకుంటుంది. మోతని ఆపడానికి బరువు కావాలి, అంటే మందపాటి గోడ, సందు లేని తలుపు. ఇంకో సంగతి, గది సరిగ్గా చతురస్రం, పదకొండున్నర అడుగులు ఇటూ అటూ. నా బేస్ లావు తీగ మీద మూడో ఫ్రెట్‌లో, అంటే గిటారు మెడ మీది మూడో గడిలో, జీ స్వరం పట్టుకుంటే గది మొత్తం గుమ్మెత్తిపోయింది, పక్క స్వరాలేమో సగం కూడా వినబడలేదు. ఆ స్వరం సెకనుకి 49 కంపనాలు, దాని అలలో సగం పొడవు అంత దూరమే, అందుకని రెండు గోడల మధ్య అది గట్టిగా ఊగుతుంది. ఆ రోజంతా మా గిటారువాడు నన్ను "కొంచెం తగ్గించరా" అంటూనే ఉన్నాడు. చిన్న గది తీసుకోక తప్పకపోతే పొడవూ వెడల్పూ వేరుగా ఉన్నది చూసుకోండి. పైగా స్టూడియోకి రికార్డింగే ముఖ్యం. భక్తిగీతాల ఆల్బం వాళ్ళెవరైనా వస్తే మన బుకింగ్ వచ్చే వారానికి జరిగిపోతుంది. పాట రికార్డు చేసుకోవాలంటే మళ్ళీ అక్కడికే వెళ్తాం. ప్రాక్టీసుకి మాత్రం వద్దు.

పర్లాకిమిడి వెళ్ళడానికి పూరీ–గుణుపురం రైలు ఉంది. నౌపడ దగ్గర మెయిన్ లైను వదిలి, పాతపట్నం మీదుగా వెళ్తుంది. 1900లో పర్లాకిమిడి రాజా వేయించిన చిన్న పట్టాల లైను ఇది, ఇప్పుడు బ్రాడ్‌గేజ్ అయింది. గిటార్లు, కీబోర్డు బ్యాగుల్లో వేసుకుని ఎక్కొచ్చు. డ్రమ్ కిట్‌తో మాత్రం ఎక్కకండి, మా మాస్టారు ఎక్కుదామన్నారు, మేం ఆపాం.

ఆ ఊరంటే నాకు ముందునుంచీ ఇష్టం. వాడుక తెలుగు కోసం పోరాడిన గిడుగు రామమూర్తిగారు పాఠాలు చెప్పిన ఊరు. టీ కొట్టు దగ్గర నిలబడితే తెలుగు, ఒడియా, సవర మూడూ వినిపిస్తాయి. బస్టాండు వైపు లాడ్జి ఒకటి దొరికింది. దుప్పట్లు ఉతికినవే, నీళ్ళు వచ్చాయి, రాత్రి పదకొండుకి కూడా గేటు తీశారు. వాయిద్యాలు మెట్లెక్కించకుండా రిసెప్షన్ వెనక గదిలో పెట్టనిచ్చారు కూడా. మాలాంటివాళ్ళకి ఈ సాయం ముందు టీవీ, ఏసీ ఎందుకూ కొరగావు.

చెల్లెమ్మ చూపించిన ఇల్లు వాళ్ళ స్కూల్లో పనిచేసి రిటైరైన మాస్టారిది. పాతకాలపు పెంకుటిల్లు, ముందు పెద్ద వాకిలి, వెనక కొబ్బరి తోట. గోడలు మూరెడు మందం, సున్నం గోడలు. వీధిలో నిలబడి విన్నాను. గిటారు అసలు వినబడలేదు, డ్రమ్స్ మాత్రం గోడలోంచి కాకుండా పైన పెంకుల సందుల్లోంచి, వెంటిలేటర్లలోంచి వస్తున్నాయి. పక్కిల్లు దూరం కాబట్టి ఫర్వాలేదు. లోపల సౌండ్ మేం చూసిన అన్ని చోట్లలోకీ ఇక్కడే బాగుంది. ఎత్తైన కప్పు, చెక్క దూలాలు, ఒక గోడకి నిండా పుస్తకాల బీరువాలు, ఎక్కడా మారుమోత లేదు. పెద్దాయన అద్దె మాటే ఎత్తలేదు, "ఏటి బాబూ, ఇల్లు ఖాళీగా ఉండీకన్నా పాటుంటే మంచిదే కదా" అన్నారు.

కరెంటు దగ్గరే బెడిసింది. చెల్లెమ్మ తన చిన్న గిటారుని శబ్దం పెంచే పెట్టె ఆంప్‌కి తగిలించుకుని, తీగల మీద చెయ్యి వేసి మైకు దగ్గరికి వచ్చేసరికి పెదవి చురుక్కుమంది. "అన్నయ్యా, మైకు కరుస్తోంది" అని వెనక్కి జరిగింది. టెస్టర్ పెడితే మైకు జాలీ మీద దీపం మిణుకుమంది. ఆ ఇంటి వైరింగులో ఎర్తింగే లేదు, మైకుల శబ్దాలు కలిపే మిక్సర్ ఒక గది బోర్డులో, ఆంప్ ఇంకో గది బోర్డులో ఉన్నాయి. అన్నిటినీ ఒకే బోర్డుకి మార్చాక హమ్, అంటే స్పీకర్లోంచి వచ్చే గుయ్‌మనే మోత, తగ్గింది, చురుకు పోయింది. కానీ ఎర్తు లేని చోట అది నమ్ముకునే ఏర్పాటు కాదు. హమ్ పోవడానికి ప్లగ్గులో మూడో పిన్ను విరగ్గొట్టేవాళ్ళని చూశాను. ఆ పని ఎప్పుడూ చేయకండి, హమ్‌తో బతకొచ్చు. కొత్తగా ఎర్తు గుంట తీయించి వైర్లు మార్పిస్తామన్నాం. పెద్దాయన సరే అన్నారు, భువనేశ్వర్‌లో ఉన్న కొడుకు ఫోన్ చేసి వద్దన్నాడు. ఇల్లు వాళ్ళది, ఏం చేస్తాం.

పర్లాకిమిడి దాటితే పాతపట్నం, అది ఆంధ్ర. అక్కడ రోడ్డు పక్కన ఒక షట్టరు గది చూశాం. పక్కనే రైస్‌మిల్లు, మోత గురించి అడిగేవాడు లేడు. ఊక దుమ్ము కీబోర్డు మీటల్లోకి దూరింది. వదిలేశాం. గుణుపురంలో వంశధార చూసి, టిఫిన్ తిని వచ్చేశాం. అక్కడి కాలేజీ హాళ్ళు అడిగి చూశాం, బయటివాళ్ళకి ఇవ్వరు.

రాయగడలో మావాడు తన పలుకుబడితో తెలుగువాళ్ళ కల్యాణ మండపం ఒకటి మాట్లాడి పెట్టాడు. ఆషాఢంలో, మూఢంలో మన పెళ్ళిళ్ళు ఉండవు కదా, ఆ రోజుల్లో మండపాలు నిద్రపోతుంటాయి. వాచ్‌మన్‌కి, కరెంటుకి ఇస్తే చాలన్నారు. హాలు మధ్యలో నిలబడి ఒక్క చప్పట కొట్టాను. అది పోయేలోపు ఇంకోటి కొట్టేంత టైముంది. నున్నటి టైల్స్, ఖాళీ గోడలు, పైన రేకులు. పాడిన మాట స్పీకర్లోంచి వచ్చి, గోడకి కొట్టుకుని, మళ్ళీ మైకులోకి దూరి కూత పెట్టేది. టెంట్ హౌస్ నుంచి తివాచీలు, షామియానా గుడ్డలు అద్దెకి తెచ్చి, హాలుని అడ్డంగా గుడ్డతో సగం చేశాం. స్పీకర్లని పాడేవాళ్ళ వెనక నుంచి ముందువైపుకి మార్చాం, అప్పుడవి మైకు వెనకవైపుకి వస్తాయి, మామూలు పాట మైకు వెనకవైపు నుంచి వచ్చే శబ్దాన్ని పెద్దగా పట్టదు. దాంతో పాట తేటపడింది. మధ్యాహ్నం నాగావళి అవతలి కొండల మీంచి వాన వచ్చి రేకుల మీద పడింది. అరగంట ఎవరి వాయిద్యం వాళ్ళకే వినబడలేదు. మండపం ఖాళీగా దొరికే ఆషాఢమంటే వానలే, రేకుల కింద ఇంకేం ఉంటుంది. వంటశాల, భోజనాల హాలు, ఆడవాళ్ళకి వేరే గదులు, బాత్రూములు, ఆ సౌకర్యాలు మాత్రం ఇంకెక్కడా దొరకలేదు. కచేరీకి ముందు రెండు రోజులు అందరం ఒకచోట ఉండి వాయించుకోవడానికి మండపమే మంచిది.

గోపాల్‌పూర్ గురించి అందరూ అడుగుతారు. బరంపురానికి 16 కిలోమీటర్లు, సముద్రం ఎదురుగా కాటేజీలు, సినిమాల్లో బ్యాండులు అలాంటి చోటే ఉంటాయి. వెళ్ళాం. చేపల కూర బాగుంది. రెండో రోజుకే నా స్టీలు తీగలు వేళ్ళకి గరగరలాడాయి, ఉప్పుగాలి. పాటలు రాసుకోవడానికి, ఉత్త గిటారుతో కూర్చోవడానికి వెళ్ళండి. ఆంప్‌లు మోసుకెళ్ళకండి.

చివరికి కుదిరింది బరంపురంలోనే, ఊరి చివర ఒక బట్టల గోడౌన్ వెనక భాగం. ఓనర్ దేవాంగుల పెద్దాయన, ఇంట్లో తెలుగే, షాపులో ఒడియా. ఒకవైపు వెల్డింగ్ షెడ్డు, ఇంకోవైపు సిమెంటు దుకాణం. సాయంత్రం ఏడు దాటితే ఆ చుట్టుపక్కల కుక్కలు తప్ప వినేవాళ్ళు లేరు. మూడు గోడల పొడవునా ఛాతీ ఎత్తు వరకు గుడ్డ బేళ్ళు. లోపలికి అడుగుపెట్టి మాట్లాడగానే తెలిసిపోయింది, గొంతు నోటి దగ్గరే ఆగిపోతోంది. లక్షలు పోసి స్టూడియోవాళ్ళు గోడలకి పరుపులు బిగించుకునేది దీనికే. ఒకే ఒక్క లోపం రోలింగ్ షట్టరు. నేను దిగువ స్వరాలు వాయిస్తే అది బర్రుమనేది. దానికి లోపలి నుంచి రెండు పాత బొంతలు వేలాడదీశాం, చాలా తగ్గింది. బాత్రూమ్ వెనక ఉంది, తలుపుకి గడియ లేదు. చెల్లెమ్మ రావాలంటే ముందు గడియ పడాలన్నాం, పెద్దాయన ఆ సాయంత్రమే వడ్రంగిని పంపారు.

ఆయన షరతులు ఆయనకి ఉన్నాయి. "బీడీ, సిగరెట్టు, అగరొత్తి, దోమల చక్రం, ఏ నిప్పూ లోపలికి రాకూడదు బాబూ, ఒక్క రవ్వకి నా సంసారం కాలిపోద్ది." న్యాయమే. దోమలకి పెద్ద ఫ్యాను పెట్టుకున్నాం, గాలి మైకుకి తగలకుండా డ్రమ్మర్ వైపు తిప్పాం. గుడ్డ పీల్చేసినా లోపల మోత మోతే. వంద డెసిబెల్స్ దగ్గర రోజుకి పావుగంట మించి చెవికి మంచిది కాదని, పనిచోట్ల ఆరోగ్యం చూసే అమెరికా సంస్థ నియోష్ లెక్క. అందరం ఇయర్‌ప్లగ్గులు కొనుక్కున్నాం. పెళ్ళిళ్ళ సీజన్లో సరుకు పెరిగి మాకు చోటు సగమవుతుంది. రెండేళ్ళకోసారి ఊరి అమ్మవారు బుఢీ ఠాకురాణి యాత్ర వచ్చినప్పుడు నెల రోజులు పాత బరంపురం అంతా పులివేషాలు, డోళ్ళే. ఆ నెల మన మోత ఎవరికీ పట్టదు గానీ, ఆ వీధులు దాటి రావడమే కష్టం.

అగ్రిమెంటు ఒడియాలో రాయించారు, బ్యాంకువాడు చదివి చెప్పాడు. మూడు నెలల అడ్వాన్స్, కరెంటుకి సబ్‌మీటరు, తాళాలు రెండు సెట్లు. ఎర్తింగు ముందే చూసుకున్నాం, ఉంది. రిహార్సల్ రోజు పూరీ ఉప్మా తినేసి వస్తాం, ఈ ఊళ్ళో ఆ రెండూ ఒకే ఆకులో పెడతారు, అలవాటైతే మానలేం. రాయగడ వాడు చాలా దూరం నుంచి రావాలి కాబట్టి నెలకి ఒక్కసారే వస్తాడు. అద్దెలో వాడి వాటా తగ్గించాలా వద్దా అన్నది ఇంకా తేలలేదు. వాడు మాత్రం ఏటా ఆషాఢంలో మండపం ఇప్పిస్తున్నాను కదా, అదే నా వాటా కింద రాసుకోండి అంటున్నాడు.