అడిగినప్పుడు ఇవ్వడమా, ముందే లెక్క వేసుకుని ఇవ్వడమా?

దానానికి లెక్కలేమిటి, చేయి చాచిన వారికి ఉన్నంతలో ఇస్తే చాలు కదా అని చాలా ఏళ్లు అనుకున్నాను. 2024 సెప్టెంబరులో విజయవాడలో బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు ఆ నమ్మకం సడలింది. సత్యనారాయణపురం నుంచి మేం నలుగురం పులిహోర పొట్లాలు, పాత బట్టలు పట్టుకుని వెళ్లాం. ఫ్లైఓవర్ దగ్గర అప్పటికే పొట్లాలు గుట్టలుగా ఉన్నాయి. లోపలి వీధుల్లో మేడలెక్కి కూర్చున్న వారికి మాత్రం ముద్ద అందడం లేదు. మేం దించిన బట్టలు కాసేపటికే బురదలో తడిసి ముద్దయ్యాయి. ఒక పెద్దావిడ అందులోంచి చీర ఒకటి లాగి, నీళ్లు పిండి, మళ్లీ అక్కడే పెట్టేసింది. "ఇంట్లో ఇంకా మోకాలి లోతు నీళ్లు బాబూ, ఇది ఎక్కడ ఆరేసుకోను? బీపీ మాత్రలేమైనా తెచ్చారా?" అని అడిగింది. మా దగ్గర లేవు.

అప్పటికప్పుడు ఇవ్వడంలో వేగం ఉంది, దాన్ని తక్కువ చేయను. ఆకలికి వాయిదా ఉండదు. అయితే ఇచ్చేవారి మనసు ఎప్పుడు కరుగుతుందో, తీసుకునేవారికి ఎప్పుడు అవసరమో, ఆ రెండూ ఒక్క రోజున కలవడం అరుదు. మనం దసరాకు, కార్తీకానికి, పిల్లల పుట్టినరోజులకు ఇస్తాం. ఫీజులు జూన్‌లో కట్టాలి. నేను వెళ్లే ఒక వృద్ధాశ్రమంలో కార్తీక ఆదివారం నాడు మూడు కుటుంబాలు ఒకేసారి భోజనాలు తెచ్చాయి. సాయంత్రానికి రెండు గిన్నెల పాయసం పారబోశారు. ఆ నెల కరెంటు బిల్లు మాత్రం అలాగే ఉంది. బిల్లు కడతామని ఎవరూ పుట్టినరోజు జరుపుకోరు కదా!

ముందే అనుకుని ఇస్తే ఇలాంటి ఖర్చులకూ డబ్బు చేరుతుంది. నెలనెలా ఇంత వస్తుందని తెలిస్తే వంటమనిషికి జీతం ఒప్పుకోగలరు, మందులు ముందే తెప్పించగలరు. ఇచ్చే సంస్థ ఎలాంటిదో వెళ్లి చూసి, లెక్కలు అడిగే తీరికా మనకు దొరుకుతుంది. గుమ్మంలో రసీదు పుస్తకంతో నిలబడ్డ మనిషిని అవన్నీ అడగలేం.

పన్ను సంగతికి వస్తే, విరాళాలకు ఆదాయపు పన్నులో దొరికే మినహాయింపు (80జి అని పిలిచేది) పాత పన్ను విధానంలో ఉన్నవారికే వర్తిస్తుంది. ముఖ్యమంత్రి సహాయ నిధికి ఇచ్చినదానికి నూరు శాతం, చాలా ట్రస్టులకు ఇచ్చినదానికి పరిమితికి లోబడి సగం మినహాయింపు ఉంటుంది. నగదుగా 2,000 రూపాయలు దాటితే లెక్కలోకి రాదు. మార్చి చివర్లో హడావిడిగా నోట్లు ఇచ్చి నష్టపోయినవారు నాకు తెలుసు.

నెలనెలా మేలా, ఏడాదికి ఒకసారి మేలా అంటే అది రాబడిని బట్టి ఉంటుంది. జీతగాళ్లకు నెలనెలా ఇవ్వడమే తేలిక, ఒకటో తారీఖునే పక్కకు తీస్తే లోటు తెలియదు. గుంటూరు మిర్చి యార్డుకు సరుకు తెచ్చే రైతుకు నెల వాయిదా పెట్టడం అన్యాయం. పంట డబ్బు చేతికొచ్చినప్పుడే ఒక భాగం తీసి, జూన్ ఫీజులకని బ్యాంకులో వేసి ఉంచడం ఆయనకు కుదురుతుంది.

మా ఇంట్లో దీని మీద వాదన జరిగింది. "అంతా ముందే రాసేస్తే, రేపు గుమ్మంలోకి వచ్చినవారిని వట్టి చేతులతో పంపిస్తారా అండీ?" అని నా భార్య నిలదీసింది. ఆమె మాట నిజం. అందుకే పదింట ఎనిమిది పాళ్లు ముందే కేటాయించి, రెండు పాళ్లు విడిగా ఉంచుతున్నాం. ఆ రెండు పాళ్లూ ఎవరికి ఇవ్వాలో ఆమే నిర్ణయిస్తుంది, నేను లెక్క అడగను. పోయిన నెల అందులోంచి ఎదురింటి వాచ్‌మన్ కూతురి బస్సు పాసు డబ్బు వెళ్లింది.