కంబర్లాండ్ నుంచి జార్జ్‌టౌన్ దాకా కాలవ గట్టు మీద సైకిల్: నాలుగు రోజులు తొక్కాక నా రివ్యూ

ఐదుకి నాలుగున్నర ఇస్తున్నాను. ఆ అర మార్కు పోయింది మమ్మల్ని కంబర్లాండ్‌లో దింపిన వ్యాన్ వల్ల, దారికి అయితే పూర్తిగా ఐదు.

వాషింగ్టన్ డీసీ చుట్టుపక్కల ఉండే మనవాళ్ళు చాలామంది గ్రేట్ ఫాల్స్ దగ్గర ఈ గట్టు మీద ఓ గంట నడిచి ఇంటికొచ్చేసి ఉంటారు. అదే గట్టు డీసీలోని జార్జ్‌టౌన్ నుంచి పొటోమాక్ నదిని అంటిపెట్టుకుని మేరీల్యాండ్ కొండల్లోని కంబర్లాండ్ దాకా 184.5 మైళ్ళు, అంటే దాదాపు 297 కిలోమీటర్లు వెళ్తుంది. పేరు చెసపీక్ అండ్ ఒహాయో కాలవ, అందరూ సీ అండ్ ఓ అంటారు. 1828 జులై 4న తవ్వడం మొదలుపెట్టి 1850లో కంబర్లాండ్ చేర్చారు. బొగ్గు నింపిన పడవలకి తాళ్ళు కట్టి కంచర గాడిదలు లాగేవి, అవి నడవడానికి వేసిన గట్టే ఇప్పుడు మన సైకిల్ దారి. 1924 వరద తర్వాత పడవలు ఆగిపోయాయి.

మాది ఆత్రేయపురం వైపు. లొల్ల లాకులు, అంటే కాలవలో నీటిమట్టం మార్చి పడవల్ని ఎక్కించి దించే తలుపుల కట్టడాలు, చూస్తూ పెరిగినవాణ్ణి. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట కట్టించింది కూడా సరిగ్గా ఆ కాలంలోనే, 1847 నుంచి 1852 మధ్య. మా దగ్గర గట్టు మీద మనుషులే తాడు భుజాన వేసుకుని పడవలు లాగేవాళ్ళని తాతయ్య చెప్పేవాడు. అందుకే ఇక్కడ మొదటి లాకు కనపడగానే సైకిల్ దిగి ఆ రాళ్ళ మీద చెయ్యి వేసి కాసేపు నిలబడిపోయాను. దారి మొత్తం మీద ఇలాంటివి 74 ఉన్నాయి, అన్నీ కలిపి 605 అడుగుల ఎత్తు ఎక్కిస్తాయి. కంబర్లాండ్ నుంచి మొదలుపెడితే ఆ 605 అడుగులూ మనకి దిగుడు. కాళ్ళకి పెద్దగా తేడా తెలియకపోయినా ఇంటివైపు తొక్కుతున్నామన్న ధైర్యం ఉంటుంది, నేనైతే అటునుంచే రమ్మంటాను.

ప్లాన్ చేసేటప్పుడు రోజుకి ఎన్ని మైళ్ళు తొక్కగలం అన్న లెక్కతో మొదలుపెట్టకండి. ముందు రాత్రి ఎక్కడ పడుకుంటాం, నీళ్ళు ఎక్కడ దొరుకుతాయి అన్నది చూసుకోండి, మైళ్ళు వాటంతట అవే కుదురుతాయి. దారి పొడవునా కొన్ని మైళ్ళకొకటి చొప్పున నడిచేవాళ్ళకీ సైకిల్‌వాళ్ళకీ ఉచిత క్యాంపులున్నాయి. రిజర్వేషన్ లేదు, ముందొచ్చినవాళ్ళది చోటు, ఒక చోట ఒక రాత్రే. బల్ల, పొయ్యి పెట్టుకునే చోటు, టాయిలెట్, ఒక చేతిపంపు, అంతే. ఆ పంపు నీళ్ళలో క్రిములు చావడానికి మందు కలుపుతారు, రుచి కొంచెం తేడాగా ఉంటుంది, మేము నిమ్మకాయ పిండుకుని తాగాం. చలికాలంలో పంపులు మూసేస్తారు. నీటి పరీక్షలో తేడా వస్తే మధ్యలో కూడా ఆపేస్తారు, కాబట్టి మనిషికి మూడు లీటర్లు ఎప్పుడూ దగ్గర ఉండాలి. చెత్తబుట్టలు ఉండవు, మన చెత్త మనమే మోసుకురావాలి.

మా నాలుగు రోజులు ఇలా సాగాయి. మొదటిరోజు కంబర్లాండ్ నుంచి లిటిల్ ఓర్లియన్స్ దాకా 44 మైళ్ళు. ఈ ముక్కలో తిండి దొరకడం కష్టం, ఊళ్ళు తక్కువ, ఉన్నవి కూడా గట్టు దిగి కొంత లోపలికి వెళ్ళాలి. మా బావమరిది చేసుకొచ్చిన పులిహోర రెండోరోజు పొద్దున దాకా పాడవకుండా నిలిచింది. శాకాహారులైతే అలాంటిదేదైనా తప్పకుండా పెట్టుకోండి.

ఆ రోజే పా పా సొరంగం వస్తుంది. ఈ ప్రయాణంలో ఒక్కటే చూడనిస్తామంటే నేను దాన్నే ఎంచుకుంటాను. పొడవు 3,118 అడుగులు. రెండేళ్ళలో అయిపోతుందని 1836లో మొదలుపెట్టారు, డబ్బులు అయిపోయి పని ఏళ్ళ తరబడి ఆగి చివరికి 1850కి గానీ పూర్తికాలేదు. లోపల అరవై లక్షలకు పైగా ఇటుకలు పేర్చారు. సైకిల్ దిగి నడిపించుకుంటూ వెళ్ళాలి, గట్టు ఇరుకు, ఒకపక్క గోడ, రెండోపక్క చెక్క కమ్మీ, దాని కింద చీకట్లో నీళ్ళు. తలకి కట్టుకునే లైటు లేకుండా అడుగు పెట్టకండి. చాలాచోట్ల ఆ కమ్మీ మీద గాడిదల తాళ్ళు ఒరుసుకుని పడిన గాట్లు ఉన్నాయి. వేలు పెడితే నున్నగా తగులుతాయి. నాకైతే మా ఊరి లాకుల దగ్గరే ఉన్నట్టు అనిపించింది, మాట రాలేదు.

ఆ రాత్రి వాన పడింది. గట్టు మట్టిదారి, కొన్నిచోట్ల కొత్తగా సన్నకంకర వేశారు గానీ పాత ముక్కలు తడిస్తే జిగటబురదే, మడ్‌గార్డుల్లో ఇరుక్కుని చక్రం తిరగదు. ఇక్కడ మమ్మల్ని కాపాడింది వెస్టర్న్ మేరీల్యాండ్ రైల్ ట్రెయిల్. పాత రైలుకట్ట మీద వేసిన తారుదారి అది, హాన్‌కాక్ మీదుగా కాలవ పక్కనే బిగ్ పూల్ దాకా వస్తుంది. వాన పడిందంటే ఆలోచించకుండా దాని మీదకి మారిపోండి. సన్నటైర్లు మాత్రం ఈ ప్రయాణానికి వద్దు, నలభై మిల్లీమీటర్లకి తగ్గకుండా ఉంటే చేతులు బతుకుతాయి.

రెండో రాత్రి లాక్‌హౌస్ 49లో పడుకున్నాం. లాకు తలుపులు తీసే మనిషి కుటుంబంతో ఉన్న ఇల్లు అది. కాలవ ట్రస్టు వాళ్ళు ఇలాంటివి కొన్ని బాగుచేయించి రాత్రికి అద్దెకిస్తున్నారు. అద్దె మొత్తం ఇంటికి, ఎనిమిదిమంది దాకా పడుకోవచ్చు, కాబట్టి నలుగురైదుగురు కలిసి వెళ్తే గిట్టుబాటు. కరెంటు ఉంది, లోపల కుళాయి లేదు. దుప్పట్లు మనవే తెచ్చుకోవాలి. శుభ్రంగా ఉంది, తాళం కోడ్ ముందురోజే వచ్చింది, ఏ ఇబ్బందీ పడలేదు. అన్ని లాక్‌హౌస్‌లూ ఒకేలా ఉండవు, కొన్నింట్లో కరెంటు కూడా లేదు, బుక్ చేసేముందు ఆ వివరం చదవండి. శనాదివారాలు త్వరగా నిండిపోతాయి.

మూడోరోజు డ్యామ్ 4 దగ్గర గట్టు మాయమై నది అంచునే కాంక్రీటు దారి వస్తుంది, అక్కడ ఆగి తీరాలి. ఆ రాత్రి బ్రన్స్‌విక్‌లో టెంట్ వేశాం. పక్కనే రైలు పట్టాలు, రాత్రంతా గూడ్సు కూతలు. చెవుల్లో పెట్టుకునేవి తెచ్చుకోండి. కాలవ తవ్వడం మొదలైన రోజే ఈ రైలుమార్గం పని కూడా మొదలైంది, అది 1842లోనే కంబర్లాండ్ చేరిపోయింది. ఎనిమిదేళ్ళు ఆలస్యంగా చేరిన కాలవ గట్టు మీద పడుకుని ఆ కూత వినడం ఒక రకమైన బాధ.

ఇక వ్యాన్ సంగతి. రైల్లో సైకిళ్ళ చోటు నిండిపోయిందని ఒక షటిల్ మాట్లాడుకున్నాం. గంటన్నర ఆలస్యంగా వచ్చాడు, సైకిళ్ళ మధ్య ఏమీ పెట్టకుండా ఒకదానికొకటి ఆనించి కట్టేశాడు, దిగేసరికి నా వెనక గేరుని ఫ్రేముకి పట్టి ఉంచే చిన్న ముక్క, హ్యాంగర్ అంటారు, అది వంగిపోయింది. ఫోన్ చేస్తే మా బాధ్యత కాదన్నారు. మొదటిరోజంతా రెండు గేర్లతోనే తొక్కాను. మీరు మాత్రం టికెట్‌తో పాటు సైకిల్‌కి కూడా అమ్‌ట్రాక్ రైల్లో తొందరగా రిజర్వు చేసుకోండి. వ్యాన్ తప్పకపోతే పాత దుప్పటి ఒకటి తీసుకెళ్ళి మీరే మధ్యలో పెట్టి కట్టించండి, స్పేర్ హ్యాంగర్ ఒకటి సంచిలో ఉంచండి.

ఈ దారి ఇలా మిగిలిందంటే ఒక న్యాయమూర్తి వల్ల. దీని మీద కార్లరోడ్డు వేస్తామన్నప్పుడు సుప్రీంకోర్టు జడ్జి విలియం డగ్లస్ 1954లో పత్రికా సంపాదకులని రమ్మని పిలిచి కంబర్లాండ్ నుంచి మొత్తం నడిచాడు. 1971లో ఇది జాతీయ చారిత్రక ఉద్యానవనం అయింది.

చివరిరోజు 55 మైళ్ళు. మొనోకసీ నది మీద ఏడు కమానుల రాతి వంతెన, 516 అడుగులు, ఒకప్పుడు దాని మీద నది పైనుంచి పడవలు వెళ్ళేవి. సాయంత్రం జార్జ్‌టౌన్‌లో దిగాక సున్నా మైలురాయి వెంటనే కనపడదు, చాలామంది చూడకుండానే ఇంటికి వెళ్ళిపోతారు. పడవలు అద్దెకిచ్చే చోటు వెనక్కి, నీళ్ళ అంచు దాకా వెళ్ళండి, అక్కడ ఉంటుంది.