పంతులుగారి జీవితచరిత్రకు కొత్త అట్ట: పూర్ణా మార్కెట్ దగ్గర బైండింగు దుకాణం

న్యాపతి సుబ్బారావు పంతులుగారి జీవితచరిత్ర పాత ప్రతి ఒకటి సముద్రపు తేమగాలికి కుట్లు వదిలి, పుటలు విడిపోతుండగా, విశాఖపట్నం పూర్ణా మార్కెట్ దగ్గరి చిన్న బైండింగు దుకాణంలో ఇచ్చాను. 1878లో చెన్నపట్నంలో ‘ది హిందూ’ పత్రికను స్థాపించిన ఆరుగురిలో ఒకరై, రాజమహేంద్రవరంలో న్యాయవాదిగా పేరు తెచ్చుకుని, మద్రాసు శాసనమండలి సభ్యుడిగా, కాంగ్రెసు ప్రధాన కార్యదర్శిగా పనిచేసిన మనిషి కథ అట్ట ఊడి పడి ఉండటం నాకెంతో బాధగా ఉండేది. పనివారు ఓపికగా చేతికుట్టు వేసి, పురుగు పట్టకుండా మైదా జిగురులో మైలుతుత్తం కలిపి, వీపుకు క్యాలికో గుడ్డ అతికించారు. ఇప్పుడు పుస్తకం బల్లమీద చక్కగా తెరుచుకుంటోంది. ధర సబబే. అంచులు కత్తిరించినప్పుడు ఎవరో పాత పాఠకులు పక్కన రాసుకున్న పెన్సిలు రాతలు కొన్ని పోయాయి గనుక, కత్తిరించవద్దని ముందే గట్టిగా చెప్పండి.